ఇంటి కంప్యూటర్ కబుర్లు: పచ్చళ్లు అటు నుంచి, పెన్ డ్రైవ్ ఇటు నుంచి

డిసెంబరు టికెట్లు కొన్న ఇళ్లలో ఈపాటికి సూట్‌కేసులు గరాజ్‌లోంచి హాల్లోకి వచ్చేసి ఉంటాయి. బాదంపప్పు, చాక్లెట్లు, నాన్నగారికి విటమిన్ సీసాలు, అత్తయ్యగారికి మోకాళ్లకు రాసుకునే ఆయింట్‌మెంట్, మేనల్లుడు కంపెనీ పేరు చెప్పి మరీ అడిగిన బూట్లు. కాటా మీద పెట్టడం, రెండు పౌండ్లు ఎక్కువైందని తీయడం, మళ్లీ ఇంకోటి సర్దడం. ఆ సామాన్లో ఇంకొక్క వస్తువుకి చోటివ్వమని ఈ నెల మిమ్మల్ని అడగబోతున్నాను. చిటికెన వేలంత ఉంటుంది, బరువు లెక్కలోకే రాదు. మీ చేత్తో మీరు తయారు చేసి, మీద ఈ నెల తేదీ వేసిన విండోస్ ఇన్‌స్టలేషన్ పెన్ డ్రైవ్.

ఎందుకంటారా? 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ ఆగిపోయింది. అప్పటినుంచి నాకు వచ్చే ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకటే ప్రశ్న. "అమ్మావాళ్ల ల్యాప్‌టాప్‌లో ఏదో పెద్ద మెసేజ్ వస్తోందట, నాన్న భయపడి దాన్ని ముట్టుకోవడం మానేశారు. కొత్తది కొనాలా?" అని. వెంటనే కొనక్కర్లేదు. సపోర్ట్ ఆగడం అంటే మిషన్ ఆగడం కాదు. రేపు విండోస్‌లో ఎక్కడైనా కన్నం బయటపడితే దాన్ని పూడ్చేవాళ్లు ఉండరని అర్థం. నాన్నగారు అందులోనే బ్యాంకు పనులు, పెన్షన్ పనులు చూసుకుంటారు కాబట్టి పట్టించుకోవలసిన మాటే. ఏం చేయాలో చెప్తాను. కానీ ముందు ఈ పెన్ డ్రైవ్ ఏమిటో, దాన్ని ఎప్పటికప్పుడు కొత్తగా ఎందుకు చేసుకోవాలో చెప్పాలి.

కంప్యూటర్ ఆన్ చేయగానే దానికి ఏమీ తెలియదు. మదర్‌బోర్డు మీద ఉండే ఒక చిన్న ప్రోగ్రామ్ మాత్రం లేచి, విండోస్ ఎక్కడుందా అని వెతుకుతుంది. ఆ విండోసే పాడైపోతే లోపలినుంచి తలుపు తీసేవాళ్లు లేనట్టే. అప్పుడు బయటినుంచి తాళంచెవి కావాలి. తనే కంప్యూటర్‌ని లేపి, కొత్త విండోస్‌ని లోపల పెట్టగలిగే డిస్క్‌ని బూటబుల్ డిస్క్ అంటారు. సీడీతో కంప్యూటర్‌ని లేపే పద్ధతిని 1995లో ఫీనిక్స్, ఐబీఎం కంపెనీలు ఒక ప్రమాణంగా రాసిపెట్టాయి. దాని పేరు ఎల్ టొరీటో. కాలిఫోర్నియాలో ఆ ఇంజనీర్లు కూర్చుని మాట్లాడుకున్న మెక్సికన్ రెస్టారెంట్ పేరే దానికి పెట్టేశారంటారు. మనవాళ్లయితే బాబాయ్ హోటల్ అని పెట్టి ఉండేవారు.

ఈ డిస్కులతో నాకు పరిచయం తెలుగు వల్ల అయింది. 2005 ప్రాంతం, విండోస్ ఎక్స్‌పీ రోజులు. ఇంటర్నెట్‌లో తెలుగు యూనికోడ్‌లో అప్పుడప్పుడే కనపడుతోంది. మన కంప్యూటర్లో తెరిస్తే వత్తు ఒక పక్కకీ, గుడి ఇంకో పక్కకీ విడిపోయేవి. కంట్రోల్ ప్యానెల్‌లో భాషల సెట్టింగ్స్‌లోకి వెళ్తే 'కాంప్లెక్స్ స్క్రిప్ట్' అని ఒక గడి ఉండేది. అందులో టిక్కు పెడితే అక్షరాలు కుదురుగా కూర్చునేవి. కానీ టిక్కు పెట్టగానే అది ఎక్స్‌పీ సీడీ అడిగేది. ఆ సీడీ ఎక్కడుంది? డాలస్ చుట్టుపక్కల నాకు తెలిసిన ప్రతి ఇంట్లోనూ ఒకటే జవాబు: "మావారికి తెలుసు." మావారేమో ఆఫీసులో. సొంత భాషలో నాలుగు ముక్కలు చదువుకోవడానికి సాయంత్రం ఆరున్నర దాకా ఆగాలన్నమాట. అదేమిటో చూద్దామని నేను ఆ సీడీ వెతికి పట్టుకున్నాను. అలా మొదలైంది.

ఆ సీడీతో అసలు చిక్కు వేరే ఉంది. ఎక్స్‌పీ మార్కెట్లోకి వచ్చింది 2001 అక్టోబరులో. చాలామంది దగ్గర ఉన్నది ఆ మొదటి సీడీయే. 2003 ఆగస్టులో బ్లాస్టర్ అనే పురుగు ప్రపంచం మీద పడింది. మీరు ఏ ఈమెయిలూ తెరవక్కర్లేదు, దేనిమీదా నొక్కక్కర్లేదు. నెట్‌కి కలిపి ఉంటే చాలు, వచ్చేసేది. తెరమీద అరవై సెకన్లు లెక్కపెట్టి కంప్యూటర్ దానంతట అదే ఆగిపోయేది. దానికి మందు ఆ ముందు నెల జులైలోనే మైక్రోసాఫ్ట్ ఇచ్చింది. కానీ 2001 నాటి సీడీలో ఆ మందు ఎక్కడుంటుంది? ఫార్మాట్ కొట్టి, ఆ పాత సీడీతో ఎక్స్‌పీ వేసి, మందు తెచ్చుకుందామని నెట్‌కి కలిపితే, మందు దిగేలోపల పురుగు ఎక్కేసేది. శుభ్రం చేద్దామని చేసిన పనే కొంప ముంచేది.

దీనికి విరుగుడు సీడీనే మార్చడం. ఇడ్లీ ఉడికాక ఉప్పు చల్లితే లోపలికి పట్టదు, పిండిలోనే కలపాలి. అలాగే అప్‌డేట్లని తర్వాత వేయకుండా ఇన్‌స్టలేషన్ ఫైళ్లలోనే కలిపేసి కొత్త సీడీ చేసుకోవడం. స్లిప్‌స్ట్రీమింగ్ అనేవారు. చేత్తో చేయడానికి మైక్రోసాఫ్ట్ ఒక కమాండ్ ఇచ్చింది కానీ, మనలాంటివాళ్లకి దారి చూపింది ఎన్‌లైట్ అనే ఉచిత ప్రోగ్రామ్. సీడీలో ఉన్నదంతా ఒక ఫోల్డర్‌లోకి కాపీ చేసి ఎన్‌లైట్‌కి చూపించాలి. 2004 ఆగస్టులో వచ్చిన సర్వీస్ ప్యాక్ 2 ఫైల్ ఇవ్వాలి. ఆ తర్వాతి చిన్న చిన్న అప్‌డేట్లు, మన మిషన్‌కి కావలసిన డ్రైవర్లు కూడా ఇవ్వచ్చు. అది అన్నీ కలిపి, బూటబుల్ ఐఎస్ఓ అనే ఒకే ఫైల్ చేసి ఇస్తుంది. దాన్ని ఖాళీ సీడీ మీద రాసుకోవడమే. ఆ సీడీతో వేసిన ఎక్స్‌పీ మొదటిసారి కళ్లు తెరిచేటప్పటికే సర్వీస్ ప్యాక్ 2తో ఉండేది. అంటే ఫైర్‌వాల్ ముందే ఆన్ అయి ఉండేది, బ్లాస్టర్‌కి మందు ముందే పడి ఉండేది. 2001 నాటి సీడీ 137 జీబీ దాటిన హార్డ్ డిస్క్‌ని పూర్తిగా గుర్తుపట్టలేకపోయేది. ఆ ఇబ్బందీ తీరిపోయేది. నేను చేసిన మొదటి సీడీ మీద మార్కర్‌తో తేదీ రాసి, కాపీలు తీసి, నాలుగిళ్లకి పంచాను. అప్పటినుంచి ఆ నాలుగిళ్లలోనూ సీడీ ఎక్కడుందో ఆడవాళ్లకి తెలుసు.

ఇదంతా పాత కథ కదా, ఇప్పుడెందుకు అంటారేమో. సీడీలు పోయి పెన్ డ్రైవులు వచ్చాయి తప్ప సంగతి మారలేదు. విండోస్ 11 మొదట వచ్చింది 2021 అక్టోబరు 5న. ఆ రోజుల్లో చేసి సొరుగులో పడేసిన పెన్ డ్రైవ్‌తో ఇవాళ విండోస్ వేస్తే, మీ కంప్యూటర్లోకి వచ్చే వెర్షన్‌కి ఇళ్లలో వాడేవాళ్ల సపోర్ట్ 2023 అక్టోబరు 10నే అయిపోయింది. ఇంకో ఉదాహరణ. విండోస్ 11లో 24హెచ్2 అనే వెర్షన్‌కి 2024 అక్టోబరు, నవంబరు నెలల అప్‌డేట్లు కలిపి చేసిన ఇన్‌స్టలేషన్ డిస్కులతో ఒక తిరకాసు ఉందని మైక్రోసాఫ్టే చెప్పింది. వాటితో వేసిన మిషన్లు ఆ తర్వాతి సెక్యూరిటీ అప్‌డేట్లు తీసుకోకుండా మొండికేయచ్చు. డిసెంబరు అప్‌డేట్ కలిపిన డిస్క్‌ని మళ్లీ చేసుకోండి అన్నారు. మందు సీసా మీద తేదీ చూసినట్టే దీని మీదా చూడాలి. తేదీ రాసి ఉంటేనే కదా చూడగలం!

ఇప్పుడు తయారీ. ఎన్‌లైట్ అంత శ్రమ కూడా లేదు. మైక్రోసాఫ్ట్ సొంత సైట్లోనే మీడియా క్రియేషన్ టూల్ అని ఉంటుంది. అది తాజాగా ఉంచిన విండోస్‌ని తనే దింపి, పెన్ డ్రైవ్ మీద తనే సర్దుతుంది. వేరే సైట్ల నుంచి మాత్రం విండోస్ దింపకండి. కనీసం 8 జీబీ పెన్ డ్రైవ్ కావాలి. అందులో ముందున్నవన్నీ తుడిచిపెట్టుకుపోతాయి కాబట్టి పిల్లల పుట్టినరోజు వీడియోలున్నది తీయకండి, కొత్తది కొనండి. పని జరిగేటప్పుడు కంప్యూటర్‌కి ఆ ఒక్క పెన్ డ్రైవే ఉంచి, మిగిలిన డిస్కులు తీసేయండి. టూల్ తెరిచి, భాష ఎంచుకుని, యూఎస్‌బీ ఫ్లాష్ డ్రైవ్ అని నొక్కి, మీ పెన్ డ్రైవ్ అక్షరం చూసి నెక్స్ట్ కొట్టండి. తర్వాత వంట చేసుకోవచ్చు. అన్నం, పప్పు, ఒక వేపుడు అయ్యేలోపల చాలా ఇళ్లలో అయిపోతుంది. అయ్యాక చిన్న చీటీ అంటించి "విండోస్ 11, నవంబరు 2025" అని రాయండి. ఈ చివరి పని మర్చిపోతే ముందు చేసినదంతా సగం వృథా.

ఇండియా వెళ్లేవాళ్లకి నాలుగు మాటలు. ఒకటి, ఇక్కడే చేసుకుని వెళ్లండి. దింపుకోవలసింది కొన్ని జీబీలు ఉంటుంది. అమ్మావాళ్లింట్లో ఫోన్ డేటా మీద నడిచే నెట్ అయితే రోజుకిచ్చే కోటా దానికే సరిపోదు.

రెండు, లైసెన్స్ కోసం బెంగపడకండి. ఆ ల్యాప్‌టాప్‌లో ఇప్పటికే అసలైన విండోస్ యాక్టివేట్ అయి ఉంటే, మళ్లీ అదే ఎడిషన్ వేసినప్పుడు ప్రొడక్ట్ కీ లేదని చెప్పి ముందుకి వెళ్లచ్చు. నెట్ కలిపాక తనే యాక్టివేట్ అవుతుంది.

మూడు, ల్యాప్‌టాప్ నడుస్తూనే ఉంటే పెన్ డ్రైవ్‌తో లేపనక్కర్లేదు. విండోస్‌లో ఉండగానే పెన్ డ్రైవ్ తెరిచి, సెటప్ అనేదాన్ని నొక్కితే ఫైళ్లు, ప్రోగ్రాములు ఉంచమంటారా అని అడుగుతుంది. ఉంచమనండి. అసలు లేవని మిషన్ అయితేనే పెన్ డ్రైవ్‌తో లేపాలి. ఆన్ చేసిన వెంటనే డెల్, లెనోవో మిషన్లలో చాలావాటికి ఎఫ్12, హెచ్‌పీకి ఎఫ్9 టకటకా నొక్కితే దేనితో లేవమంటారని జాబితా వస్తుంది. ఈ రెండో దారిలో పాత ఫైళ్లు పోయే ప్రమాదం ఉంది. దాని గురించి కింద చెప్తాను.

నాలుగు, వీధి చివర షాపులో ఎవరో అబ్బాయి "ఆంటీ, ఫుల్ వెర్షన్ వేసేస్తా" అంటే వద్దనండి. ఆ డిస్క్ ఎవరు చేశారో, అప్‌డేట్లతోపాటు ఇంకేం కలిపారో మనకి తెలియదు. పిండిలో ఉప్పు కలిపినట్టే ఇంకేదైనా కూడా కలపచ్చు. నాన్నగారి బ్యాంకు పాస్‌వర్డ్ ఆ కీబోర్డ్ మీదే కొట్టేది.

మరి ఆ ల్యాప్‌టాప్ విండోస్ 11కి పనికిరాదని వస్తే? టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ లేకపోతే, ప్రాసెసర్ పాతదైతే అలాగే వస్తుంది. ఇంటెల్‌లో సుమారుగా ఎనిమిదో తరం నుంచి పనికొస్తాయి. ఆ గోడ దూకించే పద్ధతులు ఉన్నాయి కానీ, అలా వేసినవాటికి అప్‌డేట్లు ఇస్తామని మైక్రోసాఫ్ట్ మాటివ్వదు. ఏడాదికోసారి ఇంటికెళ్లే మనం అమ్మానాన్నలని అలాంటిదాని మీద వదిలి రాకూడదు. రెండు మంచి దార్లున్నాయి.

మొదటిది, విండోస్ 10లోనే ఉండి, అదనపు సెక్యూరిటీ అప్‌డేట్ల పథకంలో చేర్చడం. 2026 అక్టోబరు 13 వరకు అప్‌డేట్లు వస్తాయి. మైక్రోసాఫ్ట్ అకౌంట్ ఉండి, సెట్టింగ్స్ బ్యాకప్ పెట్టుకుంటే ఉచితం, లేదంటే ముప్పై డాలర్లు. ఆ మిషన్‌లో 22హెచ్2 అనే ఆఖరి వెర్షన్ ఉండాలి. పాత వెర్షన్ ఉంటే, విండోస్ 10కి కూడా మీడియా క్రియేషన్ టూల్ ఉంది, దానితో 22హెచ్2 పెన్ డ్రైవ్ చేసి తీసుకెళ్లండి.

రెండోది, లినక్స్ మింట్. ఉచితం, పాత మిషన్ల మీద చక్కగా నడుస్తుంది. దాని ఐఎస్ఓ ఫైల్ దింపుకుని రూఫస్ అనే చిన్న ప్రోగ్రామ్‌తో పెన్ డ్రైవ్ మీద రాయాలి. ఇందులో నాకు నచ్చేది, ఇన్‌స్టాల్ చేయకుండానే పెన్ డ్రైవ్ నుంచి నడిపి చూడచ్చు. నాన్నగారిని కూర్చోబెట్టి యూట్యూబ్, తెలుగు పేపర్ తెరిచి చూపించండి. ఆయనకి బాగుంటేనే వేయండి. ఆయన ట్యాలీలాంటివి వాడుతుంటే మాత్రం ఈ దారి కుదరదు, అవి విండోస్ కోసం చేసినవి.

ఈ లినక్స్ పెన్ డ్రైవ్‌కి ఇంకో ఉపయోగం ఉంది. అది చెప్పాలంటే మా ఊళ్లో ఒక అక్క గురించి చెప్పాలి. క్రితం చలికాలం ఆవిడ భర్త హఠాత్తుగా పోయారు. పది రోజుల కార్యక్రమాలు అయ్యాయి, వచ్చినవాళ్లు వెళ్లిపోయారు. మూడో వారంలో ఆయన ల్యాప్‌టాప్ తెరిస్తే, రిపేర్ చేస్తున్నాను అంటూ తిరిగి తిరిగి మొదటికే వస్తోంది. షాపులో చూపిస్తే, మొత్తం తుడిచి కొత్త విండోస్ వేస్తామన్నారు. నాకు ఫోన్ చేసి, "వేయించెయ్యమంటావా అమ్మా?" అని అడిగింది. వద్దక్కా, నేనొచ్చేదాకా దాన్ని ఎవరికీ ఇవ్వకండి అన్నాను.

రెండు పెన్ డ్రైవులు, ఒక ఖాళీ ఎక్స్‌టర్నల్ డిస్క్ తీసుకెళ్లాను. ముందు లినక్స్ పెన్ డ్రైవ్‌తో లేపాం. విండోస్ లేవకపోయినా ఫైళ్లన్నీ లోపల భద్రంగానే ఉన్నాయి, ఫోల్డర్లు కనపడ్డాయి. ఫోటోలున్నాయక్కా అన్నాను. ఆవిడ ఫోటోలు అడగలేదు. "ఎక్సెల్ ఫైల్ ఒకటుండాలమ్మా, అన్నీ అందులోనే రాసుకునేవారు" అంది. ఉంది. ఇన్సూరెన్స్ నంబర్లు, ఇంటి లోను, పిల్లల కాలేజీ డబ్బు ఎక్కడ వేశారో, హైదరాబాద్ ఫ్లాట్ కాగితాలు ఏ లాకర్లో ఉన్నాయో. అన్నీ ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి కాపీ చేసి, వేరే కంప్యూటర్లో తెరిచి చూసుకున్నాకే విండోస్ పెన్ డ్రైవ్ పెట్టాం. ఆ రెండో పని ఆవిడే చేసింది. నేను పక్కన కూర్చుని టీ తాగాను.

ఆ డిస్క్ ఎన్‌క్రిప్ట్ అయి లేదు కాబట్టి సరిపోయింది. కొత్త ల్యాప్‌టాప్‌లు చాలావరకు మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో మొదలుపెట్టగానే డిస్క్‌కి తాళం వేసేస్తాయి. దొంగ ఎత్తుకెళ్లినా చదవలేడు, మంచిదే. కానీ విండోస్ పాడైన రోజున మనల్ని కూడా 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఆ కీ ఎవరి అకౌంట్‌తో ల్యాప్‌టాప్ మొదలుపెట్టారో వాళ్ల మైక్రోసాఫ్ట్ అకౌంట్లో ఉంటుంది. ఇంట్లో ఆ అకౌంట్ ఎవరిది? మీకు దాంట్లోకి వెళ్లే దారి ఉందా? లేకపోతే ఈ శనివారమే ఇద్దరూ కూర్చుని ఆ కీని కాగితం మీద ప్రింట్ తీసి పాస్‌పోర్టులున్న ఫైల్లో పెట్టండి. ఇది అపశకునం మాట కాదు. ఆయన ఊరెళ్లినప్పుడు మిషన్ మొరాయించినా ఇదే కావాలి.

ఒకటి మాత్రం గుర్తుంచుకోండి. ఇన్‌స్టలేషన్ పెన్ డ్రైవ్ విండోస్‌ని తిరిగి ఇస్తుంది, మీ ఫైళ్లని ఇవ్వదు. ఫైళ్లకి వేరే కాపీ ఉండాల్సిందే. పెన్ డ్రైవ్, ఎక్స్‌టర్నల్ డిస్క్, రికవరీ కీ కాగితం, ఈ మూడూ ఒకేచోట ఉండాలి, అది మీకు తెలిసిన చోటై ఉండాలి.

పెన్ డ్రైవ్‌ని ఏడాదికి రెండుసార్లు కొత్తగా చేసుకుంటే చాలు. తేదీలు గుర్తుండటం లేదంటారా? ఉగాదికి ఒకసారి, దసరాకి ఒకసారి అనుకోండి. దసరాకి ఎలాగూ ఆయుధపూజ ఉంది, పెన్ డ్రైవ్‌కి కూడా ఒక బొట్టు పెట్టేయండి. చీటీ మీద పాత తేదీ కొట్టేసి కొత్తది రాయడం మర్చిపోకండి.

వచ్చే నెల మీరు ఊళ్లో ఉంటారు కాబట్టి, అమ్మావాళ్ల ఫోన్లో పేరుకుపోయిన వేల ఫోటోలని ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి ఎలా దింపాలో చెప్తాను. వెళ్లేటప్పుడు ఖాళీ డిస్క్ ఒకటి పట్టుకెళ్లండి. వచ్చేటప్పుడు గోంగూర పచ్చడి సీసాకి మూత రెండుసార్లు బిగించండి.